పశువుల డాక్టర్ రాసిన 'ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్': కొనండి, చదవండి

జంతువుల మీద, వాటిని చూసుకునే మనుషుల మీద మంచి పుస్తకం ఏదన్నా చెప్పమని ఎవరడిగినా నేను ముందు చెప్పే పేరు ఇదే, జేమ్స్ హెరియట్ 'ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్'. ఈమధ్య కొత్త పేపర్‌బ్యాక్ తెప్పించుకుని మొదట్నుంచి చివరిదాకా మళ్లీ చదివా, చదివాక రివ్యూ రాయకుండా ఉండలేకపోయా, కొంచెం పొడుగ్గానే వస్తుంది, ఓపికున్నవాళ్లు చదవండి. ఐదుకి ఐదు స్టార్లు. లోపాలు లేవని కాదు, ఉన్నాయి, కిందికెళ్లాక చెప్తా, అయినా ఐదే.

సీబీఎస్ఈలో చదివినవాళ్లకి ఈయన ఆల్రెడీ పరిచయమే, పేరు గుర్తుండకపోవచ్చు అంతే. పదో తరగతి ఇంగ్లీష్‌లో 'ఫుట్‌ప్రింట్స్ వితౌట్ ఫీట్' అని చిన్న పుస్తకం ఉంటుంది కదా, అందులో మొదటి పాఠం 'ఎ ట్రయంఫ్ ఆఫ్ సర్జరీ', బాగా డబ్బున్న మిసెస్ పంఫ్రీ, ఆవిడ ముద్దుల కుక్క ట్రికీ, కేకులూ అవీ ఇవీ పెట్టిపెట్టి దాన్ని కదల్లేనంత లావు చేసేస్తుంది, డాక్టర్ దాన్ని తన దగ్గరికి తీసుకెళ్లి మందూ మాకూ ఏం లేకుండా రెండ్రోజులు నీళ్లు మాత్రమే ఇచ్చి, తర్వాత మిగతా కుక్కలతో ఆడుకోడానికి వదిలేసి బాగుచేస్తాడు, ఈలోపు ట్రికీ బలం కోసమని ఆవిడ పంపే గుడ్లూ వైనూ బ్రాందీ అన్నీ డాక్టర్లే తినేసి తాగేస్తుంటారు. అది ఈ పుస్తకంలోంచి తీసిందే. క్వశ్చన్ ఆన్సర్ల కోసం విడిగా చదివితే అదొక సరదా కథ, అంతవరకే. పుస్తకంలో ముందూ వెనకా ఉన్నవాటితో కలిపి చదివితే లెక్క వేరు, ఎందుకంటే మిసెస్ పంఫ్రీ బంగళా దాటి కొన్ని పేజీలు తిప్పగానే నాలుగు ఆవుల మీద ఇల్లు నడుపుకునే రైతు వస్తాడు, ఆ నాలుగింట్లో ఒకటి పడిపోతే ఆ ఏడాది వాళ్లకి ఏం మిగలదు, ఈ రెండిళ్లకీ వెళ్లేది ఒకే డాక్టరు, అదే డొక్కు కారు.

రాసినాయన అసలు పేరు జేమ్స్ ఆల్ఫ్రెడ్ వైట్, అందరూ ఆల్ఫ్ అనేవాళ్లు. 1916లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో పుట్టి, స్కాట్లండ్‌లో గ్లాస్గోలో పెరిగి, అక్కడి వెటర్నరీ కాలేజీలో 1939 చివర్లో పాసయ్యాడు. 1940లో యార్క్‌షైర్‌లో థర్స్క్ అనే చిన్న ఊళ్లో డోనాల్డ్ సింక్లెయిర్ అనే డాక్టర్ దగ్గర చేరాడు, ఇక అక్కడే ఉండిపోయాడు, మధ్యలో యుద్ధంలో ఎయిర్‌ఫోర్స్‌కి వెళ్లొచ్చింది తప్ప. పుస్తకంలో ఆ ఊరికి డారోబీ అని పేరు మార్చాడు, డోనాల్డ్‌ని సీగ్‌ఫ్రీడ్ చేశాడు, ఆయన తమ్ముడు బ్రయన్‌ని ట్రిస్టన్ చేశాడు, కాలాన్ని కూడా కొంచెం వెనక్కి జరిపి 1930ల చివర్లో పెట్టాడు. సొంత పేరు ఎందుకు వాడలేదంటే ఆ రోజుల్లో అక్కడి డాక్టర్లు సొంత ప్రచారం చేసుకోకూడదని రూల్, పుస్తకం మీద పేరేసుకున్నా అడ్వర్టైజ్‌మెంట్ కిందికే వస్తుందని భయం. టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే బర్మింగ్‌హామ్ సిటీ గోల్‌కీపర్ జిమ్ హెరియట్ బాగా ఆడుతున్నాడంట, ఆ పేరు నచ్చి తీసేసుకున్నాడు. రాయాలి రాయాలి అని ఏళ్ల తరబడి అంటూనే ఉండేవాడంట, యాభై ఏళ్లొచ్చిన పశువుల డాక్టర్లు ఇప్పుడేం కొత్తగా పుస్తకాలు రాస్తార్లే అని భార్య అనేసరికి పంతం పట్టి కూర్చున్నాడు. మొదటి పుస్తకం 1970లో వచ్చింది. రచయిత అయ్యాక కూడా డాక్టర్ పని మానలేదు, పొద్దున పాకల్లో తిరిగి రాత్రి టీవీ ముందు కూర్చుని టైప్ చేసేవాడు. నాకు ఈ పుస్తకం మీద నమ్మకం అక్కడే మొదలవుతుంది, ఇది జంతువుల్ని దూరం నుంచి చూసి ముచ్చటపడినోడు రాసింది కాదు.

మొదటి చాప్టర్ చూడండి మీకే తెలుస్తుంది. చలికాలం రాత్రి, తలుపు సందులోంచి మంచు లోపలికి కొడుతుంటే, చొక్కా విప్పేసి రాళ్లు పరిచిన నేల మీద బురదలో పేడలో బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి ఆవు లోపల పెట్టి ఉంటాడు. దూడ తల వెనక్కి తిరిగిపోయింది, తాడు ఉచ్చు వేసి దాన్ని ముందుకి తిప్పాలి, ఆవు ముక్కినప్పుడల్లా చెయ్యి నలిగిపోతుంది. పక్కన రైతు వాళ్ల ముసలి బంధువు ఒకాయన నిలబడి, మా డాక్టర్ బ్రూమ్‌ఫీల్డ్ అయితేనా, ఆయన అసలు చొక్కానే విప్పడు, ఎంత తెలివైనోడో అని గంటల తరబడి వేరే డాక్టర్ని పొగుడుతూనే ఉంటాడు. చివరికి దూడ బతికే బయటికొస్తుంది, తల్లి దాన్ని నాకుతుంటే చూసి ఈయనకి పడ్డ కష్టం అంతా తీరిపోతుంది. అప్పుడు రైతు వచ్చి కొంచెం తాగడానికి ఏమన్నా అంటాడు, ఆహా ఎంత మంచోడో, తప్పకుండా అంటాడు మనోడు, కాదు సార్ ఆవుకి ఏమన్నా తాగడానికి పెట్టొచ్చా అని అడుగుతున్నా అంటాడు రైతు. నేను ఎన్నిసార్లు చదివినా అక్కడ నవ్వుతా. నవ్విన వెంటనే ఇంకోటి కూడా అనిపిస్తుంది, ఆ రైతు మొరటోడేం కాదు, ఆ టైంలో ఆయన కళ్లకి ఆవు తప్ప ఇంకేం కనపడట్లేదు, అంతే.

పాడి ఉన్న ఇంట్లో పెరిగినోళ్లకి ఈ పుస్తకం ఇంకో రకంగా ఎక్కుతుంది. మా ఇంట్లో చూడి గేదె ఉందంటే నెల ముందు నుంచే అమ్మ దాని పొదుగు చూస్తూ ఉండేది, ఈనే రోజు దగ్గర పడితే నాన్న మంచం పాక దగ్గరికి మారిపోయేది, మాయ పడేదాకా ఎవరూ తిండి సరిగ్గా తినేవాళ్లు కాదు. డాక్టర్ గారి బండి చప్పుడు వినపడితే ఇంటికి దేవుడొచ్చినట్టుండేది. కాబట్టి పాలజ్వరం వచ్చి కాళ్లు చాపేసిన ఆవుకి కాల్షియం ఎక్కించగానే అది లేచి నిలబడే సీన్లూ, పొదుగువాపు వచ్చి ఒక చన్ను పోతుందేమో అని రైతు మొహం పీక్కుపోయే సీన్లూ చదువుతుంటే అది యార్క్‌షైరా మన ఊరా అని ఆలోచించే పనే ఉండదు. అక్కడి రైతులు మన పెద్దాళ్లలాగే, ప్రేమ నోటితో చెప్పరు, డబ్బులు తీయడానికి వెనకాడతారు, డాక్టర్ కుర్రోడైతే నమ్మరు, కానీ అర్ధరాత్రి మంచులో లాంతరు పట్టుకుని గొడ్డు పక్కనే నిలబడతారు.

అసలు నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఏంటంటే, ఈ పుస్తకం జంతువుల గురించే అని అందరూ అంటారు గానీ హెరియట్ కళ్లు ఎప్పుడూ రెండు చోట్ల ఉంటాయి, ఒకటి జబ్బు చేసిన ప్రాణి మీద, రెండోది దాని తాడు పట్టుకున్న మనిషి మీద. జాన్ స్కిప్టన్ అనే ముసలి రైతు కథ ఉంది, నా దృష్టిలో పుస్తకం మొత్తంలో బెస్ట్ అదే. చిన్నప్పుడు ఏమీ లేకుండా కూలికి మొదలుపెట్టి, ఒళ్లు హూనం చేసుకుని పెద్ద పొలం సంపాదించాడు, పెళ్లి చేసుకోలేదు, ఇంకా చిరిగిన బట్టల్లోనే తిరుగుతాడు, అందరి మీదా అరుస్తాడు. ఆయన దగ్గర రెండు ముసలి గుర్రాలున్నాయి, ఎప్పుడో పని మానేసినవి. కింద ఏటి పక్కన మంచి గడ్డి ఉన్న చోట వాటిని వదిలేశాడు, ఏళ్ల తరబడి రోజూ తనే గడ్డి మోసుకుంటూ ఆ దిగుడంతా దిగి వెళ్తాడు. డాక్టర్ని పిలిచింది వాటి పళ్లు చూడమని, ముసలి గుర్రాలకి పళ్లు ఒకవైపు పెరిగిపోయి బుగ్గలో గుచ్చుకుంటాయి, ఆకురాయితో అరగదీయాలి. పని ఇంకో పక్క జరుగుతుంటే హెరియట్ అడుగుతాడు, పనికిరాని వీటిని ఇన్నేళ్లు ఎందుకు ఉంచుకున్నారు అని, అప్పటి పద్ధతిలో ముసలి గుర్రం అంటే కబేళాకి అమ్మేయడమే కదా. ఆ రోజుల్లో నేనెంత బానిసనో అవీ అంతే బానిసలు, నాతోపాటు చాకిరీ చేశాయి, అన్న అర్థంలో రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాడు ముసలాయన. అంతకుమించి ఏం చెప్పడు, రచయిత కూడా దాని మీద ఇంకేం వివరించడు. కన్నీళ్లు పెట్టించాలని ఒక్క మాట ఎక్కువ వాడలేదు, అందుకే కళ్లు తడుస్తాయి. మన దగ్గర దుక్కిటెద్దుల్ని ట్రాక్టర్ వచ్చాక సంతకి తోలేసిన ఇళ్లు ఎన్ని లేవు, తోలడానికి మనసొప్పక చచ్చేదాకా కొట్టంలోనే ఉంచుకున్న ఇళ్లూ ఉన్నాయి, ఆ ఇళ్లవాళ్లు ఎవరన్నా ఇది చదివితే స్కిప్టన్ని వెంటనే గుర్తుపడతారు.

ఇంకో చిన్న చాప్టర్, మిస్టర్ డీన్ అని ముసలాయన, భార్య పోయింది, ఒక చీకటి గది, ఉన్న తోడు బాబ్ అనే ముసలి కుక్క ఒక్కటే. కడుపులో గడ్డ, చేయగలిగిందేం లేదు, బాధ లేకుండా పంపించేయడమే. ఆ పని అయ్యాక ఎంతివ్వాలి అని అడుగుతాడు, ఏం వద్దండీ అని డాక్టర్ వచ్చేస్తుంటే వెనకాల వచ్చి ఎప్పట్నుంచో దాచుకున్న సిగార్ ఒకటి చేతిలో పెడతాడు. తర్వాత మిస్ స్టబ్స్, మంచం దిగలేని పేద ముసలావిడ, చుట్టూ కుక్కలూ పిల్లులూ, చావంటే భయం లేదు గానీ జంతువులకి ఆత్మ ఉండదని ఎవరో చెప్పారు, పోయాక వీటిని మళ్లీ చూడనేమో అని ఆమె దిగులు. డాక్టర్ ఏం చెప్తాడో ఇక్కడ రాయను, చదవండి. నేను మా ఇంటి కుక్క పోయినప్పుడు ఆ పేజీలు తీసి చదువుకున్నా, చాలా ధైర్యం వచ్చింది.

ఇంకో మంచి విషయం, ఇందులో డాక్టర్ ప్రతిసారీ గెలవడు. చేరిన కొత్తలోనే సీగ్‌ఫ్రీడ్ ఊళ్లో లేని రాత్రి ఒక ప్రభువు గారి ఖరీదైన గుర్రం పేగు మెలిపడి నరకం చూస్తుంటుంది, అక్కడి మేనేజర్ పక్కన నిలబడి నువ్వేం డాక్టర్‌వి దీన్ని బాగుచెయ్ అని బెదిరిస్తుంటాడు, ఈ కుర్రోడు ఒంటరిగా నిర్ణయం తీసుకుని దాన్ని కాల్చేస్తాడు. తన డయాగ్నసిస్ కరెక్టో కాదో మర్నాడు కోసి చూసేదాకా తెలీదు, ఆ రాత్రి ఆయన పడే నరకం చదివితే డాక్టర్ల మీద గౌరవం పెరుగుతుంది. మరో ఆవు విషయంలో ఇక లేవదు, కటి ఎముక విరిగింది, వదిలేసుకోండి అని తేల్చి చెప్పేస్తాడు, ఆ రైతు ఎవరో చెప్పిన నాటువైద్యం చేసి, అప్పుడే తీసిన గొర్రెతోలు దాని వీపు మీద కప్పితే అది లేచి నిలబడుతుంది, ఇక ఆ రైతు జీవితాంతం కలిసిన ప్రతిసారీ ఆ మాటే ఎత్తుతాడు. పెన్సిలిన్ ఇంకా పల్లెల దాకా రాని రోజులవి, ఇన్‌ఫెక్షన్లకి వాడే సల్ఫా మందులు అప్పుడప్పుడే వస్తున్నాయి, అంతకుముందు అల్మరాల్లో ఉన్న సీసాల్లో సగం రంగునీళ్లతో సమానం, గుర్రాలు పోయి ట్రాక్టర్లు దిగుతున్న కాలం. చేతులూ తాడూ సబ్బునీళ్లూ ఓపికా, డాక్టర్ దగ్గర ఉన్నవి ఇవే. పశువైద్యం చదువుతున్న పిల్లలు ఈ కోణంలో కూడా చదవాలి, ఇప్పుడు ఉన్న మందుల విలువ తెలుస్తుంది.

ఇంటి సంగతులు త్వరగా చెప్పేస్తా. సీగ్‌ఫ్రీడ్ మంచోడే గానీ పొద్దున చెప్పింది సాయంత్రానికి మర్చిపోయి ఎదుటోడిదే తప్పంటాడు, ట్రిస్టన్ చదువు ఎగ్గొట్టి అన్న చేత తిట్లు తింటుంటాడు, ఫీజు డబ్బులన్నీ పొయ్యిగూటి మీద ఒక లోటాలో కుక్కేసి ఉంటాయి, లెక్కలు సరిచేద్దామని వచ్చిన సెక్రటరీ మిస్ హార్‌బాటిల్ సీగ్‌ఫ్రీడ్‌తో యుద్ధమే చేస్తుంది. హెరియట్‌కి హెలెన్‌తో ప్రేమ కథ నెమ్మదిగా నడుస్తుంది, పెళ్లయ్యాక హనీమూన్ అంతా పల్లెల్లో ఆవులకి టీబీ టెస్టులు చేస్తూ గడుపుతారు, ఈయన ఆవుల చర్మం మందం కొలతలు అరుస్తుంటే ఆవిడ పక్కన రాసుకుంటుంది. ఇది కల్పన కాదు, 1941లో నిజం పెళ్లయ్యాక కార్పర్బీ అనే ఊళ్లో సత్రంలో ఉండి నిజంగానే అలా చేశారు.

లోపాలు. యార్క్‌షైర్ రైతుల మాటలు అదే యాసలో రాశాడు, మొదట్లో తడబడతారు, పెదవి కదిలిస్తూ కొంచెం పైకి చదివితే ఒకట్రెండు చాప్టర్లకి అలవాటైపోతుంది. అన్నీ విడివిడి కథలు కాబట్టి నవల ఊపులో వరసగా చదివితే మధ్యలో ఒకే మూస అనిపిస్తుంది, రాత్రి ఫోన్, చలి, పాక, ఆవు, మళ్లీ ఫోన్. రోజుకి రెండు చాప్టర్లు పడుకునే ముందు చదవండి, అలా అయితే అద్భుతం. తాగుడు సీన్లు కొన్ని సాగదీశాడు, ఆడవాళ్ల పాత్రల్లో హెలెన్‌కి ఇంకొంచెం చోటిచ్చి ఉంటే బాగుండేది, పుస్తకం అంతా అయ్యాక ట్రిస్టన్ గురించి తెలిసినంత హెలెన్ గురించి తెలీదు. రక్తం, మాయ, ఆపరేషన్లు చదవలేనివాళ్లకి కొన్ని పేజీలు కష్టం. ఇక నాకొచ్చిన కాపీలో అక్షరాలు చిన్నవి, కాగితం పల్చన, కళ్లజోడు పెట్టుకునే పెద్దవాళ్లకి గిఫ్ట్ ఇచ్చేటట్టైతే ఈబుక్ బెటర్, సైజు పెంచుకోవచ్చు. డెలివరీలో ఒక మూల కూడా మడత పడింది, చదవడానికి ఇబ్బందేం లేదు.

కొనేటప్పుడు ఒక్కటి జాగ్రత్త. ఇంగ్లండ్‌లో ముందు చిన్న చిన్న పుస్తకాలుగా వచ్చాయి, 1970లో 'ఇఫ్ ఓన్లీ దే కుడ్ టాక్', 1972లో 'ఇట్ షుడెంట్ హ్యాపెన్ టు ఎ వెట్', ఆ రెండూ కలిపి చివర్లో పెళ్లి దాకా కథ చేర్చి అమెరికాలో 1972లో వేసిందే 'ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్'. ఆయనకి అసలు గుర్తింపు వచ్చింది ఆ పుస్తకంతోనే. కాబట్టి ఇది కొంటే ఆ రెండూ మళ్లీ కొనక్కర్లేదు, డబ్బులు దండగ. అలాగే 1974లో వచ్చిన 'ఆల్ థింగ్స్ బ్రైట్ అండ్ బ్యూటిఫుల్', 1977లో వచ్చిన 'ఆల్ థింగ్స్ వైజ్ అండ్ వండర్‌ఫుల్' కూడా చిన్నవాటిని కలిపి వేసినవే, 1981లో 'ది లార్డ్ గాడ్ మేడ్ దెమ్ ఆల్', 1992లో 'ఎవ్రీ లివింగ్ థింగ్'. మొదటిది నచ్చితే ఈ వరసలో వెళ్లండి, రెండోది దాదాపు అంత బాగుంటుంది, మూడోదాంట్లో ఎయిర్‌ఫోర్స్ రోజులు మధ్యమధ్యలో వచ్చి నాకు కొంచెం అడ్డం తగిలాయి. కుక్కలే ఇష్టం పిల్లులే ఇష్టం అనేవాళ్లకి 'డాగ్ స్టోరీస్', 'క్యాట్ స్టోరీస్' విడిగా ఉన్నాయి, డాగ్ స్టోరీస్‌లో చాలావరకు పెద్ద పుస్తకాల్లో ఉన్నవే, రెండూ కొనేముందు అది గుర్తుపెట్టుకోండి. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకైతే బొమ్మలతో ఉన్న 'ట్రెజరీ ఫర్ చిల్డ్రన్' తీసుకోండి, మంచులో దొరికిన మోజెస్ అనే పిల్లికూన కథ అందులో ఉంది, మా ఇంట్లో పిల్లలు దాన్ని పదేపదే చదివించుకుంటారు, మీరు పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ చదివితే ఇంకా చిన్నాళ్లకి కూడా సరిపోతుంది.

టీవీలో కూడా ఉంది, 1978లో మొదలైన బీబీసీ సీరియల్ ఒకటి, 2020 నుంచి వస్తున్న కొత్తది ఒకటి, కొత్తదాంట్లో హెలెన్‌కీ, సీగ్‌ఫ్రీడ్ ఇల్లు చూసుకునే మిసెస్ హాల్‌కీ బాగా చోటిచ్చారు, ఆ యార్క్‌షైర్ కొండలు చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ ముందు పుస్తకం చదివి తర్వాత చూడండి. హెరియట్ 1995లో పోయాడు, థర్స్క్‌లో ఆయన పనిచేసిన 23 కిర్క్‌గేట్ ఇల్లు 1999 నుంచి మ్యూజియం, యార్క్‌కి ఉత్తరాన దగ్గర్లోనే. లీడ్స్, యార్క్ వైపు ఉంటున్న మనవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లదగ్గ చోటు, వెళ్లేముందు కనీసం మొదటి పది చాప్టర్లన్నా చదివించండి, అప్పుడు ఆ మందుల గదిలో ఉన్న ప్రతి సీసా వాళ్లకి ఎవరి ఆవు కోసమో తెలుస్తుంది.